కోనేటి తెప్ప, కడలి తెప్ప

తిరుమల స్వామిపుష్కరిణిలో ఫాల్గుణమాసమున అయిదు దినములు జరుగు తెప్పోత్సవమును ఎరుగనివారు మన ప్రాంతమున అరుదు. నిశ్చలమైన కోనేటిపై దీపకాంతితో కదలు ఆ తెప్పకును, దుగరాజపట్టణపు తీరమున అలలను చీల్చుకొని పోవు తెప్పకును పేరొక్కటే. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, వాకాడు ప్రాంతములు అందు చేరినవి. కొండలసీమ వారమైన మనకు సముద్రము ఇరుగుపొరుగైనది. అయినను ఆ నీటిపై బ్రతుకువారి విద్య యెట్టిదో మన బడిపిల్లలకు తెలియదు.

తేలికైన దుంగలను త్రాళ్లతో బిగించినచో తెప్ప యగును. తమిళులు దీనిని కట్టుమరమందురు. ఆ మాటయే ఆంగ్లమున కాటమరాన్ అయి లోకమంతట తిరుగుచున్నది. దీనికి కడుపు లేదు గనుక నీరు నిండి మునుగుట యుండదు. అల పైబడినను దుంగల సందులనుండి నీరు జారిపోవును. ఓడరేవు లేని ఇసుకతీరమునకు ఇంతకంటె తగిన సాధనము లేదు. రాత్రి భూమి త్వరగా చల్లబడుటచే గాలి నేలనుండి కడలికి వీచును. మధ్యాహ్నమునకు అది తిరుగబడును. తెరచాప కట్టువారు వేకువగాలితో వేటకు పోయి, పగటిగాలితో ఇల్లు చేరుదురు. భౌతికశాస్త్రపు పాఠములో మనము బోధించు భూపవన, సముద్రపవనములు వారికి రాకపోకల బండి. లోతును వారు బారలలో కొలుతురు. బార యనగా చాచిన రెండు చేతుల నిడివి, రమారమి ఆరడుగులు. ఆంగ్లనావికుల ఫాదమ్ అను కొలతకును మూలార్థము చాచిన చేతులే యగుట వింతగా లేదా?

నేడు ఫైబరు పడవలు, ఇంజనులు తెప్పల చోటును చాలవరకు ఆక్రమించినవి. తీరమునుండి 8 కిలోమీటర్ల మేర సంప్రదాయ వేటకు ఆంధ్రప్రదేశ్ నిబంధనలు విడిచినవి. మరపడవలు దానిని దాటి పోవలెను. అచ్చట దినముల తరబడి నిలుచువారికి వలకంటె మంచు ముఖ్యము. ఉష్ణదేశములలో చేపకు సమానమైన తూకము మంచు ఉండవలెనని లెక్క. ట్యూనా విషయమున మరింత జాగ్రత్త కావలెను. గాలమునకు చిక్కి పెనుగులాడునపుడు దాని దేహము వేడెక్కును. వెంటనే రక్తము తీసి, మొప్పలును ప్రేగులును తొలగించి మంచులో పెట్టనిచో మాంసము చెడును. ఎండలో పడియున్న ట్యూనాలో పుట్టు హిస్టమిన్ అను విషపదార్థము వంటతో నశించునది కాదు.

ఇక ప్రాణముల మాట. మన తీరమునకు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు తుపానుల కాలము. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపానులో ఎందరో మత్స్యకారులు నడిసముద్రముననే గల్లంతైరి. రేవులలో ఎగురు ప్రమాదసూచికలు 1 నుండి 11 వరకు కలవు. పదకొండవది వార్తాసంబంధములు తెగినవని తెలుపును. ఏ దిక్కునకు పోవుచున్నారో, ఎప్పుడు తిరిగి వత్తురో ఒడ్డున ఒకరికి చెప్పి పోవుట, ప్రతివానికి తేలుకోటు ఉండుట, రేడియోను తడియనీయకుండుట, తీరరక్షకదళపు 1554 సంఖ్యను కంఠస్థము చేయుట, ఇవి చిన్నపనులే. హెచ్చరిక విన్నను కొందరు పోవుటను మొండితనమనుట నాకు న్యాయముగా తోచదు. వల ఖాళీగా వచ్చినను డీజిలుకును మంచుకును చేసిన అప్పు ఆగదు గదా.

ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని, తూర్పుతీరమున ఇంజను పడవలకు వేట నిషిద్ధము. శ్రీహరికోట పొరుగువారికి మరియొక ఆటంకము కలదు. రాకెట్టు ఎగురు దినమున సముద్రములోనికి పోరాదు. ఆ దినపు కూలి పోయినట్లే. అయితే 1999 మే 26న అచ్చటినుండియే ఓషన్‌శాట్ ఉపగ్రహము లేచినది. దాని వంశములోని మరియొక ఉపగ్రహము 2022 నవంబరు 26న లేచినది. ఇట్టి ఉపగ్రహములు నీటి పచ్చదనమును, వేడిమిని కనిపెట్టగా, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రము చేపలు గుమికూడు చోటులను గణించి తీరమునకు తెలుపుచున్నది. రాకెట్టు కొరకు నిన్న ఒడ్డున కూర్చున్నవాడు, నేడు ఆ కబురు చూచి పడవను ఏ దిక్కునకు త్రిప్పవలెనో నిర్ణయించుకొనును.