నెత్తురు ఆపే మందుకు మూడు గంటలే గడువు

ట్రాక్టరు బోల్తా పడినా, మోటారు సైకిలు లారీకి తగిలినా పల్లెల్లో ముందు జరిగేది తర్జనభర్జన. ఎవరి బండిలో తీసుకెళ్ళాలి, డబ్బెవరు సర్దాలి, పోలీసు కేసవుతుందేమో అని మాట్లాడుకునేలోగా గంట గడిచిపోతుంది. కాన్పయిన ఇంట్లోనూ అంతే. నెత్తురు ఆగకపోయినా, పచ్చి బాలింతకు మామూలేనని సరిపెట్టుకుంటారు. ఆ గంట విలువ ఎంతో వైద్య పరిశోధకులు లెక్కగట్టారు.

దెబ్బ తగిలిన చోట నెత్తురు గడ్డకట్టి గాయాన్ని పూడుస్తుంది. దెబ్బ పెద్దదైతే ఆ గడ్డను కరిగించే గుణం శరీరంలో ఎక్కువై నెత్తురు మళ్ళీ కారుతుంది. గడ్డ కరగకుండా కాపాడే మందే ట్రానెగ్జామిక్ యాసిడ్. జపాన్‌కు చెందిన ఒకామోటో దంపతులు దీనిని కనిపెట్టి 1962లో వెల్లడించారు. ఇది ఖరీదైన మందు కాదు.

లండన్‌లోని హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ విద్యాలయం ఆధ్వర్యంలో 40 దేశాల్లో, 274 ఆసుపత్రుల్లో 20 వేల మందికి పైగా క్షతగాత్రులపై ఈ మందును పరీక్షించారు. మన దేశంలోని ఆసుపత్రులు కూడా ఇందులో పాల్గొన్నాయి. 2010లో ఫలితం తేలింది. మందు అందని వారిలో వెయ్యికి 160 మంది మరణించగా, అందిన వారిలో 145 మంది మరణించారు.

మరుసటి ఏడు వేళను బట్టి లెక్క తీశారు. దెబ్బ తగిలిన గంటలోపు మందు పడిన వారిలో నెత్తురు పోయి మరణించినవారు వెయ్యికి 53 మంది. పడని వారిలో 77 మంది. మూడు గంటలు దాటాక ఇస్తే మేలు జరగకపోగా కీడే కనిపించింది.

బాలింతల విషయంలోనూ ఇదే తేలింది. 21 దేశాల్లో 20 వేల మంది తల్లులను పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. మూడు గంటల్లోపు మందు అందితే నెత్తురు పోయి మరణించేవారు దాదాపు మూడో వంతు తగ్గారు. కాన్పు తర్వాత నెత్తురు ఆగకుంటే మూడు గంటల్లోపే ఈ మందు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడు సూచించింది. 15 నిమిషాలు ఆలస్యమైన కొద్దీ మందు చేసే మేలు సుమారు పదో వంతు తగ్గుతుందని తర్వాతి పరిశీలనలో వెల్లడైంది.

ఇది నరానికి ఎక్కించే ఇంజక్షను. ఎవరికి ఇవ్వాలో డాక్టరే నిర్ణయిస్తారు. ఇంటివారు చేయవలసింది వేరే ఉంది. కారుతున్న గాయంపై శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టాలి. వెంటనే 108కి ఫోను చేయాలి. దెబ్బ తగిలిన వేళ, కాన్పయిన వేళ గుర్తుంచుకుని డాక్టరుకు చెప్పాలి.

కేసుల భయమూ అక్కరలేదు. రోడ్డు ప్రమాదంలో గాయపడిన వారిని మంచి మనసుతో ఆసుపత్రికి చేర్చిన వారికి 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం రక్షణ కల్పించింది. ఆ భయంతో రోడ్డు పక్కన నిలబడిపోతే కరిగిపోయేది గాయపడిన వారికున్న మూడు గంటల గడువే.