కోసే మంచు, కాచే మంచు

హిమానీనదాల గురించి బడిలో చదువుకున్నదాంట్లో చాలామందికి గుర్తుండే మాట ఒకటే: అవి కొండల్ని కోస్తాయి, లోయల్ని తవ్వుతాయి, దారికి అడ్డొచ్చిన బండల్ని పిండి చేస్తాయి. అది అబద్ధం కాదు గానీ సగం నిజమే. దాన్నే పట్టుకుంటే మంచు ఎంత మందంగా, ఎంతకాలం కూర్చుంటే నేల అంత అరిగిపోవాలి. ఆ లెక్కన అందరికంటే ముందు చదునైపోవాల్సింది తూర్పు అంటార్కిటికా నడిబొడ్డు. ఆ ఖండం మీద పెద్ద ఎత్తున మంచు పేరుకోవడం మొదలై సుమారు 3.4 కోట్ల ఏళ్లయింది. అయితే 1958లో సోవియట్ శాస్త్రవేత్తలు మంచు మీద పేలుళ్లు జరిపి, తిరిగొచ్చే కంపనాలతో లోతు కొలుచుకుంటూ పోతుంటే ఒకచోట నేల ఉన్నట్టుండి పైకి లేచింది. కింద ఆల్ప్స్‌కు దీటైన పర్వతశ్రేణి దాగి ఉంది. దానికి గాంబర్ట్‌సెవ్ పర్వతాలని పేరు. 2008-09లో పలు దేశాల శాస్త్రవేత్తలు విమానాలకు రాడార్లు బిగించి ఆ ప్రాంతమంతా గాలించారు. కనిపించినవి మొండిగుట్టలు కావు. మొనదేలిన శిఖరాలు, వాటి మధ్య వాగులు కొమ్మలు కొమ్మలుగా చీల్చిన లోయలు, ఆ లోయల్నే తర్వాత చిన్న చిన్న హిమానీనదాలు వెడల్పు చేసిన ఆనవాళ్లు. అంటే కొండల్ని చెక్కింది వాగులూ, తొలినాళ్లలో లోయలకే పరిమితమైన కొద్దిపాటి మంచూ. ఆ తర్వాత వచ్చి కిలోమీటర్ల మందాన కప్పేసిన మంచు ఫలకం వాటిని దాదాపు ముట్టుకోలేదు.

ఇదెలా సాధ్యం? జవాబు మంచు అడుగున ఉంది. మంచు రాయికంటే చాలా మెత్తన, ఒంటరిగా బండను అరగదీయలేదు. వడ్రంగి చేతిలో ఉప్పు కాగితం చెక్కను నున్నబరుస్తుందంటే ఆ పని చేసేది కాగితం కాదు, దానికంటిన గరుకు. హిమానీనదానికి ఆ గరుకు అడుగున ఇరుక్కున్న రాళ్లూ ఇసుకా. కాగితాన్ని కదపకుండా అదిమి పట్టుకుంటే ఏమీ అరగదు గదా, ఇక్కడా అంతే. అడుగున పల్చటి నీటి పొర ఉంటేనే మంచు బండ మీద జారుతుంది, జారితేనే రాళ్లు గీరుతాయి. ఆ నీళ్లే బండ పగుళ్లలోకి దూరి ఒత్తిడి మారినప్పుడల్లా వాటిని పెంచుతాయి, ఊడిన ముక్కల్ని మంచు ఎత్తుకుపోతుంది. అడుగు నేలకు గడ్డకట్టి అతుక్కుపోయిందనుకోండి, మంచు ఆగిపోదు, పై పొరలు కింది పొరల మీద నెమ్మదిగా సాగుతూనే ఉంటాయి. నేలకంటిన పొర మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

అంత చలిలో నీరెక్కడిదన్న అనుమానం సహజం. మందమైన మంచు పైనున్న చలిని కిందికి దిగనివ్వదు, భూగర్భం నుంచి వచ్చే వేడిని పైకి పోనివ్వదు. పైగా బరువు పెరిగేకొద్దీ మంచు కరగడానికి కావలసిన ఉష్ణోగ్రత తగ్గుతుంది, కిలోమీటరు మందానికి సుమారు 0.9 డిగ్రీలు. తూర్పు అంటార్కిటికాలోని వోస్తోక్ పరిశోధన కేంద్రం దగ్గర పైన ఏడాది సగటు మైనస్ 55 డిగ్రీలున్నా, సుమారు 3,700 మీటర్ల కింద మైనస్ 3 దగ్గరే మంచు కరిగి, దాదాపు 250 కిలోమీటర్ల పొడవున సరస్సు నిలిచింది. కాబట్టి ఒకే వాతావరణంలో, ఒకే మంచు ఫలకం కింద, పలచటి మంచున్న ఎత్తుల మీద అడుగు గడ్డకట్టి ఉండవచ్చు, పక్కనే లోయలో తడిగా ఉండవచ్చు.

ఈ తేడా కళ్లకు కట్టినట్టు కనిపించేది తూర్పు గ్రీన్‌లాండ్‌లో. అక్కడి స్కోర్స్‌బీ సుండ్ ప్రపంచంలోకెల్లా పెద్ద ఫియర్డ్‌ల (నిలువు గోడల మధ్య లోయల్లోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల) సముదాయం. సముద్రం నుంచి దాదాపు 350 కిలోమీటర్లు లోపలికి చొచ్చుకుపోయింది, కొన్నిచోట్ల నీటి లోతే 1,400 మీటర్లు దాటుతుంది. ఆ నిలువు గోడల పైకి చూపు ఎత్తితే పాత లావా పొరలు పరిచిన పీఠభూములు బల్లపరుపుగా ఉంటాయి. లోయను కిలోమీటర్ల లోతున తవ్విన మంచు ఫలకమే హిమయుగాల్లో ఈ పీఠభూముల మీదికీ వచ్చింది, కానీ వాటిని పెద్దగా గీరలేదు. 1970ల్లో స్కాట్లండ్ భూగోళ శాస్త్రవేత్త డేవిడ్ సగ్డెన్ ఈ వైచిత్రిని వివరించాడు. లోయలో మంచు మందం ఎక్కువ, అడుగు తడి, అందువల్ల కోత. కోతతో లోయ లోతవుతుంది, లోతైతే మంచు ఇంకా మందమవుతుంది, అడుగు ఇంకా తడుస్తుంది. కోత పెరుగుతూ పోవడానికి కావలసిన సరంజామా కోతే సమకూర్చుకుంటుంది. ధ్రువప్రాంతాల్లో అగాధాలూ బల్లపరుపు మెరకలూ పక్కపక్కనే ఉండడానికి ఇంతకంటే సూటైన కారణం నాకు కనబడదు.

గడ్డకట్టిన అడుగు నేలను కాపాడుతుందనడానికి కొండలకంటే సున్నితమైన సాక్ష్యాలున్నాయి. 1966లో వాయవ్య గ్రీన్‌లాండ్‌లోని క్యాంప్ సెంచరీ దగ్గర అమెరికన్లు సుమారు 1,390 మీటర్ల మంచును తొలిచి, కింద మూడు మీటర్ల పైచిలుకు మట్టిని కూడా బయటికి తీశారు. అక్కడ అడుగు ఉష్ణోగ్రత మైనస్ 13 డిగ్రీలు. ఆ మట్టి ఫ్రీజర్లలో దశాబ్దాలపాటు మరుగునపడి, ఇటీవలే కోపెన్‌హాగన్‌లో మళ్లీ వెలుగుచూసింది. కడిగి చూస్తే అందులో కొమ్మల తునకలు, నాచు, ఆకులు. సుమారు 4,16,000 ఏళ్ల కిందట అక్కడ మంచు లేదని 2023లో తేల్చారు. అంటే ఆ తర్వాత కిలోమీటరుకు పైగా మంచు మీద పడ్డా ఆకు మట్టిలోనే మిగిలింది. కెనడాలోని బఫిన్ దీవిలో ఇప్పుడు పలచటి మంచు టోపీలు కరిగి వెనక్కి జరుగుతుంటే, అంచున నాచు మొక్కలు మొలిచినచోటే నిలబడి బయటపడుతున్నాయి. వాటిలో కొన్నిటి వయసు 40,000 ఏళ్లు దాటింది. ఎల్స్‌మీర్ దీవిలో 400 ఏళ్ల కిందట మంచు కప్పిన నాచునైతే ప్రయోగశాలలో మళ్లీ చిగురింపజేశారు!

అసలు ఆ బల్లపరుపు మెరకల మీదికి మంచు వచ్చిందో లేదో, రాకపోతే కాపాడిందనే మాటే లేదు గదా అని అడగవచ్చు. పాతకాలంలో చాలామంది అలాగే అనుకున్నారు. దీనికి జవాబు రాళ్లే చెబుతాయి. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు క్వార్ట్జ్‌ను తాకినప్పుడు అందులో అల్యూమినియం-26, బెరీలియం-10 అనే రెండు రేడియోధార్మిక రూపాలు నిర్ణీత పాళ్లలో పుడతాయి. మంచు కప్పేస్తే కొత్తవి పుట్టడం ఆగిపోతుంది, ఉన్నవి తరుగుతాయి. అల్యూమినియం సుమారు 7 లక్షల ఏళ్లలో సగమైపోతే, బెరీలియానికి దానికి రెట్టింపు కాలం పడుతుంది. కాబట్టి రెండింటి నిష్పత్తి చెడిందంటే ఆ బండ చాలాకాలం కప్పబడి ఉందనీ, అయినా పై పొర ఊడిపోలేదనీ అర్థం. ఆర్కిటిక్ పీఠభూములు కొన్నింటిపై సరిగ్గా అలాంటి నిష్పత్తులే దొరికాయి.

ఇంకో వాదన ఎదుటి వైపు నుంచి వస్తుంది. ఫియర్డ్‌లను మంచు తవ్వలేదు, అవి భూమి పగుళ్లని 1913లో జె.డబ్ల్యు. గ్రెగరీ ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. అందులో కొంత నిజముంది. మంచు ఎప్పుడూ ఉన్న దారినే వెతుక్కుంటుంది, పగుళ్లూ పాత నదీలోయలూ దానికి సిద్ధంగా దొరికిన దారులు. అయితే నార్వేలోని సోగ్నె ఫియర్డ్‌నే చూడండి: లోపల 1,308 మీటర్ల లోతుకు దిగి, సముద్రంలో కలిసేచోట 200 మీటర్ల లోపుకే పైకి లేస్తుంది. నది ఎత్తుకు పారదు. మంచు పారుతుంది, ఎందుకంటే దాన్ని నడిపేది పైతలం వాలు, అడుగు వాలు కాదు. గుంటలో పడ్డ మంచును వెనకున్న మంచు ఒడ్డెక్కిస్తుంది. అంటార్కిటికాలో డెన్‌మన్ హిమానీనదం కింద నేల సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్లు దిగువన ఉంది. నది అలాంటి గుంతను తవ్వలేదు.

నా వాదనను నిజంగా ఇబ్బంది పెట్టేది గాంబర్ట్‌సెవ్ దగ్గరే ఉంది. ఆ రాడార్లే అక్కడి లోయల అడుగున నీళ్లున్నాయని, ఆ నీరు వాలెక్కి తిరిగి గడ్డకడుతోందని కూడా చూపించాయి. తడి ఉంటే కోత ఉండాలి గదా? ఉండాలంటే మంచు కదలాలి కూడా. ఆ పర్వతాల మీదున్నది మంచు ఫలకపు శిఖరం, వాలు లేనిచోటు. మంచు అక్కడి నుంచి నాలుగు వైపులా బహు నెమ్మదిగా జరుగుతుంది. కాబట్టి షరతు రెండు భాగాలది: నీళ్లూ కావాలి, జారుడూ కావాలి. గడ్డకట్టిన అడుగు పూర్తిగా నిర్దోషి అనీ చెప్పలేం. అంటార్కిటికా డ్రై వ్యాలీస్‌లోని మెసర్వ్ హిమానీనదం అడుగున మైనస్ 17 డిగ్రీల్లోనూ మంచు కొంత ఇసుకను లాక్కుంటోందని 2000లో తేలింది. తడి మంచు కోతతో పోలిస్తే అది నామమాత్రమే.

ఇదంతా మనకు మరీ దూరపు సంగతి కాదు. గోండ్వానా కాలంలో, సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట, మన నేల కూడా దక్షిణ ధ్రువం చేరువలో మంచు కింద ఉండేది. గోదావరి లోయలో సింగరేణి బొగ్గు పొరలకు అడుగున తాల్చేరు రాతిపొరలున్నాయి. హిమానీనదాలు మోసుకొచ్చిన గులకరాళ్లూ మట్టీ వాటిలో కలగాపులగంగా కనిపిస్తాయి. ఆదిలాబాద్‌కు ఆవల, చంద్రపూర్ జిల్లా ఇరాయి దగ్గర సున్నపురాతి బండ మీద మంచు గీసిన గీతలు పంతొమ్మిదో శతాబ్దంలోనే దొరికాయి. గీతలున్నాయంటే అక్కడి మంచు అడుగు తడిగా ఉండి జారిందన్నమాట.

ఇప్పుడు గ్రీన్‌లాండ్‌లో ఈ తడి పైనుంచి వస్తోంది. 2006 జులైలో అక్కడ మంచు మీద నిలిచిన 5.6 చదరపు కిలోమీటర్ల సరస్సు, కింద పగులు విచ్చి, దాదాపు గంటన్నరలో కిలోమీటరు మంచు గుండా అడుగుకు దిగిపోయింది. దీన్ని చూపి ఇక గ్రీన్‌లాండ్ అంతా జారి సముద్రంలో పడుతుందనేవాళ్లూ ఉన్నారు. అంత సులువు కాదు. ఎక్కువ నీరు చేరితే అది సొరంగాలు చేసుకుని త్వరగా బయటికి పోతుంది, మంచు మళ్లీ నేలను పట్టుకుంటుంది. కోత మాత్రం జరుగుతూనే ఉంది. ప్రపంచ నదులు సముద్రంలోకి మోసే ఒండ్రులో సుమారు 8 శాతం గ్రీన్‌లాండ్ మంచు ఫలకం నుంచే వస్తోందని 2017లో అంచనా వేశారు, దాని నీటి వాటా ఒక శాతం చిల్లరే అయినా. ఆర్కిటిక్‌లో మరెన్నో తీరాలను సముద్రం కోసుకుపోతున్న ఈ రోజుల్లో, 1980ల నుంచి నైరుతి గ్రీన్‌లాండ్ డెల్టాలు ఆ ఒండ్రుతోనే సముద్రంలోకి పెరుగుతున్నాయి.