ఛార్జింగ్ పెట్టని ప్లగ్-ఇన్ హైబ్రిడ్

2013లో జపాన్ కంపెనీ మిత్సుబిషి ఔట్‌లాండర్ ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ను మార్కెట్లోకి తెచ్చింది. రెండు లీటర్ల పెట్రోల్ ఇంజిన్, ముందు చక్రాలకొక మోటారు, వెనక చక్రాలకొక మోటారు, 12 యూనిట్ల కరెంటు పట్టే బ్యాటరీ. రాత్రి ఛార్జింగ్ పెడితే మర్నాడు యాభై కిలోమీటర్ల దాకా చుక్క పెట్రోలు కాల్చకుండా తిరగొచ్చు, ఆ తర్వాత ఇంజిన్ అందుకుంటుంది. ఆ ఏడాది చివరికి ఐరోపా చేరిన ఈ బండికి అక్కడి అధికారిక పరీక్ష ఇచ్చిన లెక్క వంద కిలోమీటర్లకు 1.9 లీటర్లు. మన లెక్కలో లీటరుకు 52 కిలోమీటర్ల పైమాటే. దాదాపు పద్దెనిమిది వందల కిలోల బరువుండి, నాలుగు చక్రాలనూ తిప్పే కారుకు మోటార్ సైకిల్ మైలేజీ వచ్చిందన్న మాట.

ఈ అంకె ఎక్కడిదో విప్పి చూడాలి. పరీక్షలో ఈ కారు నిండు ఛార్జింగుతో 52 కిలోమీటర్లు పోయింది. బ్యాటరీ అయిపోయాక యజమాని సగటున 25 కిలోమీటర్లు పెట్రోలు మీద నడిపి, మళ్లీ ఛార్జింగ్ పెట్టేస్తాడని అప్పటి ఐరోపా సూత్రం అనుకుంది. అంటే ప్రతి 77 కిలోమీటర్లలో పెట్రోలు కాలేది 25 కిలోమీటర్లకే. బ్యాటరీ ఖాళీ అయిన స్థితిలో ఈ కారు వందకు 5.8 లీటర్లు తాగుతుందని అదే పరీక్ష తేల్చింది. 5.8ని 25తో గుణించి 77తో భాగించండి, 1.9 వస్తుంది. ఇందులో పెట్రోలు మీద యంత్రం పనితనాన్ని చెప్పేది ఆ 5.8 ఒక్కటే. దాన్ని మూడో వంతుకు దించింది మనిషి అలవాటు మీద కట్టిన ఊహ. అలవాటును యంత్రం గుణంగా అచ్చు వేసి అమ్మడమే ఈ రకం కార్ల చరిత్రలో జరిగిన అసలు తప్పని నా వాదన.

ఆ తప్పు జరగకుండా ఉండే దారి అప్పటికే ఉంది. 2010 డిసెంబరులో అమెరికాలో షెవ్రొలే వోల్ట్ అమ్మకానికి వచ్చినప్పుడు, అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ కారు అద్దానికి అంటించే చీటీలో బ్యాటరీ మీద 35 మైళ్లు పోతుందని రాసింది, పెట్రోలు మీద మాత్రమే నడిపితే గ్యాలనుకు 37 మైళ్లని విడిగా చూపించింది. లీటరుకు 16 కిలోమీటర్లకు కాస్త తక్కువ. అదే కాలపు మామూలు హైబ్రిడ్ టయోటా ప్రియస్‌ది 50 మైళ్లు, అంటే లీటరుకు 21 కిలోమీటర్లు. ఛార్జింగ్ పెట్టే వీలు లేనివాడు ఆ చీటీ చదివి ప్రియస్ కొనుక్కోవచ్చు. ఐరోపా కొనుగోలుదారుడికి ప్రముఖంగా కనిపించింది మాత్రం కలగలిపిన ఒకే అంకె.

అసలు ఛార్జింగ్ పెట్టకపోతే లోపల ఏం జరుగుతుంది? బ్యాటరీ పూర్తిగా చచ్చిపోదు. కంప్యూటర్ అడుగున కొంత కరెంటు నిలవ ఉంచి, బ్రేకు వేసినప్పుడు వచ్చే శక్తిని అందులో వేస్తూ, బయలుదేరేటప్పుడు వాడుతూ, మామూలు హైబ్రిడ్‌లాగే నడుపుతుంది. కాకపోతే మామూలు హైబ్రిడ్‌కు ఒకటి రెండు యూనిట్ల బ్యాటరీ చాలు, ఇది పన్నెండో పద్దెనిమిదో యూనిట్ల బ్యాటరీని వాడకుండానే మోస్తుంది. ఊళ్లో ఆగి ఆగి వెళ్లేటప్పుడు ఆ బరువుకు ఖర్చయిన శక్తిలో కొంత బ్రేకుల దగ్గర తిరిగొస్తుంది. హైవే మీద బ్రేకు పడేదే తక్కువ కనుక తిరిగొచ్చేదీ తక్కువే. ఇంజిన్‌తోనే బ్యాటరీ నింపుకునే బటన్ చాలా కార్లలో ఉంటుంది, దాన్ని నొక్కితే ఛార్జింగ్ పెట్టినట్టే కదా అని కొందరి ధీమా. లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటే మంచి ఇంజిన్ చేతికిచ్చేది మూడు, మూడున్నర. దాన్ని జనరేటరుకు, బ్యాటరీకి, మళ్లీ మోటారుకు చేర్చే ప్రతి మెట్టులో మరికొంత వేడిగా పోతుంది. ఊళ్లోకి వెళ్లాక పొగ లేకుండా తిరగాలంటే ఆ బటన్ పనికొస్తుంది, పెట్రోలు పొదుపుకు కాదు.

అలాగని ఛార్జింగ్ లేని ప్లగ్-ఇన్ హైబ్రిడ్ పనికిమాలినదనడం అన్యాయం. 2021 టయోటా రావ్4 ప్రైమ్‌కు పెట్రోలు మీద అమెరికా లెక్క గ్యాలనుకు 38 మైళ్లు, దాని తోబుట్టువు మామూలు రావ్4 హైబ్రిడ్‌ది 40. పెద్ద బ్యాటరీ బరువంతా మోసినా నష్టం రెండు మైళ్లే! అదే ఏడాది బీఎండబ్ల్యూ ఎక్స్5 ప్లగ్-ఇన్‌ది 20 మైళ్లు, దాని ఆరు సిలిండర్ల పెట్రోలు రూపానిది 23. పొదుపు కోసం పుట్టిన హైబ్రిడ్‌కు ప్లగ్గు తగిలించడం వేరు, బలమైన ఇంజిన్‌కు మోటారు తగిలించడం వేరు. ఈ తేడాను బయటపెట్టేది ఖాళీ బ్యాటరీ లెక్కే.

మరి తప్పు బద్ధకించిన డ్రైవరుది కాదా? ఐసీసీటీ అనే పరిశోధనా సంస్థ, జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఐరోపాలో సొంత కార్లు తిరిగిన దూరంలో 45 నుంచి 49 శాతం కరెంటు మీద సాగింది. ఆఫీసు ఇచ్చిన కార్లలో అది 11 నుంచి 15 శాతమే. కంపెనీ కార్డుతో పెట్రోలు ఉచితం, ఇంట్లో ఛార్జింగ్ పెడితే బిల్లు తనది. అలాంటివాడు పెట్రోలు బంకుకే వెళతాడు. పైగా నెదర్లాండ్స్, బ్రిటన్ ప్రభుత్వాలు ఆ కాగితం అంకెనే చూసి కంపెనీ కార్ల పన్ను భారీగా తగ్గించాయి. కారు అమ్ముడయ్యేందుకు రాయితీ దొరికింది, ప్లగ్గు పెట్టేందుకు ఏమీ దొరకలేదు. ఈ కార్లకు ఇచ్చే కొనుగోలు సాయాన్ని బ్రిటన్ 2018లో ఆపేసింది, జర్మనీ 2022 చివర్లో ఆపింది.

మామూలు పెట్రోలు కార్లూ కాగితం మీది మైలేజీ ఇవ్వవు కదా అంటారు. నిజమే. కార్లలోనే పెట్రోలు ఖర్చు నమోదు చేసే మీటర్ల నుంచి సేకరించిన లెక్కలను ఐరోపా కమిషన్ 2024 మార్చిలో ప్రకటించింది. 2021లో రిజిస్టరైన పెట్రోలు కార్ల ఉద్గారాలు కాగితం కంటే సుమారు 24 శాతం ఎక్కువగా తేలాయి. ప్లగ్-ఇన్ హైబ్రిడ్లవి మూడున్నర రెట్లు! ఇంత తేడాను ట్రాఫిక్ మీదికో ఏసీ మీదికో నెట్టలేం. బ్యాటరీ పెద్దదైతే సమస్య తీరుతుందనే మాటలో సగమే సత్యం. దూరం పెరిగేకొద్దీ సూత్రం మరింత కరెంటు వాడకాన్ని ఊహించుకుంటుంది, అంకె ఇంకా అందంగా తయారవుతుంది, ప్లగ్గు మాత్రం గోడకే ఉంటుంది. ఐరోపా ఈ ఊహను తగ్గిస్తూ 2025 నుంచి దశలవారీగా సూత్రాన్ని మార్చుతోంది.

మన దేశంలో ఈ కార్లు ఇప్పటిదాకా ఎక్కువగా ఖరీదైన విదేశీ బ్రాండ్లలోనే కనిపించాయి. అయినా 2024 జులైలో ఉత్తరప్రదేశ్ ప్లగ్గు లేని స్ట్రాంగ్ హైబ్రిడ్లతో పాటు వీటికీ రిజిస్ట్రేషన్ పన్ను రద్దు చేసింది. మిగతా రాష్ట్రాలు ఆ దారి పట్టేముందు ఐరోపా పదేళ్ల అనుభవం చూడాలి, ఖాళీ బ్యాటరీ మైలేజీని విడిగా ప్రకటించాలన్న షరతు పెట్టాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మీ పార్కింగ్ దగ్గర ప్లగ్గు పాయింటు లేకపోతే, షోరూములో అడగాల్సిన మొదటి ప్రశ్న బ్యాటరీ అయిపోయాక లీటరుకు ఎంత ఇస్తుందని. ఆ జవాబు కాగితం మీద ఇవ్వకపోతే మామూలు హైబ్రిడ్ కొనుక్కోండి.