డ్రైవర్ ఉంటే చాలదు, ఆన్ చేయాలి

శామీర్‌పేటలో 2008లో మొదలైన బిట్స్ క్యాంపస్‌లో గానీ, మేడ్చల్ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో గానీ, లినక్స్ నేర్చుకునే పిల్లల చూపు సహజంగా కోడ్ మీదే ఉంటుంది. కానీ ఒక పరికరాన్ని నడిపే డ్రైవర్ ఎంత చక్కగా రాసినా, అది పనిచేస్తుందో లేదో లినక్స్ మూలభాగమైన కెర్నల్ కాన్ఫిగరేషన్ ఫైల్లో ఒక్క అక్షరం తేలుస్తుంది. 'వై' ఉంటే డ్రైవర్ కెర్నల్‌లోనే కలిసిపోతుంది. 'ఎమ్' ఉంటే విడి మాడ్యూల్‌గా డిస్కులో ఉండి, అవసరమైనప్పుడు లోడవుతుంది. రెండూ లేకపోతే అసలు తయారే కాదు. మామూలుగా 'ఎమ్' చాలు, 'వై' కావాలన్నవాళ్లే కారణం చూపాలి అన్నది నా వాదన.

అలాంటి కారణం క్వాల్‌కామ్ చిప్పుల్లో దొరుకుతుంది. క్లాకులు, కరెంటు సరఫరా, భాగాల మధ్య డేటా నడిచే ఇంటర్‌కనెక్ట్ ఏ ఒక్క పరికరానికో సొంతం కావు, అన్నీ పంచుకునేవే. అపార్ట్‌మెంట్‌లో ఇంటింటా కుళాయి ఉన్నా మోటారు వేయకపోతే నీళ్లు రావు కదా, ఇదీ అంతే. సీరియల్ పోర్టు డ్రైవర్ సిద్ధంగా ఉన్నా, దానికి క్లాక్ ఇచ్చే డ్రైవర్ ఇంకా రాకపోతే కెర్నల్ దాన్ని వాయిదా వేస్తుంది. కన్సోల్ మీద ఒక్క అక్షరం కూడా పడదు. బోర్డే పోయిందనుకుంటాం. ఇలాంటివాటికి 'వై' న్యాయమే. కెమెరా, వైఫై లాంటివి కాస్త ఆగి లోడైనా కొంప మునగదు.

మెమరీ చవకైన రోజుల్లో అన్నిటికీ 'వై' పెట్టేస్తే పోలేదా అని అడగొచ్చు. 64 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్ల కోసం లినక్స్‌తో వచ్చే మామూలు కాన్ఫిగరేషన్ ఒక్కటే. ఎన్నో కంపెనీల చిప్పులు దాని మీదే నడవాలి. ఒకరి సౌకర్యానికి పెట్టిన 'వై' ఆ చిప్ లేని బోర్డుల మెమరీలోనూ తిష్ఠ వేస్తుంది. అసలు దేనికీ 'వై' అక్కర్లేదు, బూట్ తొలిదశకు కావలసిన మాడ్యూళ్లను ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ మెమరీలో తెరిచే తొలి ఫైల్ వ్యవస్థలో) పెట్టొచ్చన్నది ఇంకాస్త గట్టి అభ్యంతరం. నిజమే, డిస్కు డ్రైవర్ల సంగతి అలా తీరుతుంది. కానీ అంతకన్నా ముందే కెర్నల్ ఆగిపోతే, ఎక్కడ ఆగిందో చెప్పేది ఆ సీరియల్ కన్సోలే. మాడ్యూళ్ల దారిన ఎవరైనా చొరబడతారన్న భయానికి మాత్రం, సంతకం ఉన్నవాటినే అనుమతించే ఏర్పాటు 2012 నుంచే కెర్నల్‌లో ఉంది.

పెద్ద చిక్కు ఇంకొకటి. మనకు కావలసిన డ్రైవర్ ఆధారపడిన ఆప్షన్ ఆన్‌లో లేకపోతే, మనం చేత్తో రాసిన లైనును కాన్ఫిగరేషన్ పనిముట్టు చడీచప్పుడు లేకుండా తీసేస్తుంది. ఆ ఆప్షన్లను మెనూగా చూపే మెనూకాన్ఫిగ్‌లో స్లాష్ నొక్కి డ్రైవర్ ఆప్షన్ పేరు వెతికితే అది వేటిమీద ఆధారపడిందో చూపిస్తుంది. బిల్డ్ మొదలుపెట్టే ముందు ఫైలు మళ్లీ తెరిచి, ఆ లైను ఇంకా ఉందో లేదో చూసుకోవాలి.