మందులకు లొంగని క్రిములు: ఆరోగ్యవరం నేర్పే పాఠం

కంటికి కానరాని సూక్ష్మక్రిములతో మానవుడు సాగిస్తున్న పోరాటం మిక్కిలి ప్రాచీనమైనది. ఆ పోరాట చరిత్రలో మన ప్రాంతానికి ఒక విశిష్ట స్థానం కలదు. తెలుగులో క్షయ అనీ, ఉర్దూలో తపేదిక్ అనీ పిలువబడే వ్యాధి చికిత్సకై మదనపల్లె సమీపాన ఆరోగ్యవరంలో 1915లో శానిటోరియం ప్రారంభమైంది. డెన్మార్క్ దేశీయుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి అధిపతి. ఆనాడు క్షయక్రిమిని చంపగల మందు లేదు. స్వచ్ఛమైన గాలి, పుష్టికరమైన ఆహారం, నెలల తరబడి విశ్రాంతి, ఇవే ప్రధాన చికిత్స. మన దేశంలో బి.సి.జి. టీకా 1948లో మదనపల్లెలోనే మొదలైంది.

1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడింది. 1948లో ప్రకటితమైన బ్రిటిష్ పరిశోధనలో, విశ్రాంతి మాత్రమే పొందిన 52 మందిలో ఆరు నెలలలో 14 మంది మరణించగా, ఈ మందు పొందిన 55 మందిలో నలుగురే మరణించారు. కాని ఆ ఆనందం నిలువలేదు. ఐదేండ్లు గడిచేసరికి మందు పొందినవారిలోనూ సగానికి పైగా కన్నుమూశారు. అనేకుల శరీరాలలోని క్రిములు ఆ మందుకు లొంగకుండా పోవడమే ఇందుకు ముఖ్య కారణం.

ఇది ఎట్లు సంభవించింది? మందు క్రిమికి ఎదిరించే విద్యను నేర్పదు. క్రిములు వృద్ధి చెందేటప్పుడు వాటి జన్యువులలో యాదృచ్ఛికంగా మార్పులు కలుగుతాయి. సుమారు పది లక్షల క్షయక్రిములలో ఒకదానికి ఐసోనియాజిడ్ మందును తట్టుకొనే గుణం ముందే ఉంటుంది. రోగి ఊపిరితిత్తిలో ఏర్పడిన ఒక్క గుల్లలో పది కోట్ల క్రిములు ఉండవచ్చు. అనగా మందు వేయకముందే అందులో సుమారు నూరు మొండి క్రిములున్నవన్నమాట. ఆ ఒక్క మందే ఇస్తే తక్కినవి నశించి, ఈ నూరే తామరతంపరగా పెరుగుతాయి. రిఫాంపిసిన్‌ను తట్టుకొనే క్రిమి పది కోట్లలో ఒకటి. ఈ రెండు మందులనూ ఒకేసారి తట్టుకొనే క్రిమి నూరు లక్షల కోట్లలో ఒకటి మాత్రమే! కనుకనే సాధారణ క్షయకు నేడు రెండు నెలలు నాలుగు మందులు, పిదప నాలుగు నెలలు మూడు మందులు కలిపి ఇస్తున్నారు.

శానిటోరియంలో ఉంచకుండా ఇంటివద్దనే మందులిచ్చినా క్షయ అంతే చక్కగా నయమవుతుందని 1956లో మద్రాసులో ఆరంభమైన పరిశోధన నిరూపించింది. పేదలకు ఇది గొప్ప వరం. అయితే ఆసుపత్రి వహించిన బాధ్యతలో కొంత భాగం రోగి గడప చేరింది. కొద్ది వారాలకే దగ్గు తగ్గి, ఆకలి పుడుతుంది. నయమైనదని భ్రమించి మందు మానినా, దొరికిన రోజున వేసుకొని దొరకని రోజున విడిచినా వ్యాధి తిరగబెట్టి, మొండి క్రిములు బలపడే ప్రమాదమున్నది. అవి దగ్గు ద్వారా ఇంటివారికి సోకితే, ఏ తప్పూ చేయని పసిబిడ్డ సైతం మొండి క్షయకు గురి కావచ్చును.

ఇక్కడనే సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుని అవసరం కలుగుతుంది. రోగి కళ్లెలోని క్రిములను ప్రయోగశాలలో పెంచి, ఏ మందుకు లొంగుతాయో, ఏ మందుకు లొంగవో అతడు పరీక్షిస్తాడు. క్షయక్రిమి పెరుగుదల మందకొడి గనుక ఇందుకు వారాలు పడుతుంది. రిఫాంపిసిన్‌కు లొంగనిదేమో తెలుసుకొనేందుకు నేడు సుమారు రెండు గంటలలో ఫలితమిచ్చే జన్యుపరీక్ష ఉన్నది.

ఈ సూత్రం క్షయకే పరిమితం కాదు. మూత్రకోశ వ్యాధులు, పుండ్లు, న్యుమోనియా కలిగించే క్రిముల విషయంలోనూ ఇంతే. జలుబుకు కారణం వైరస్ గనుక యాంటిబయాటిక్ దానిపై పనిచేయదు. శరీరంలోని ఇతర క్రిములలో మొండివాటిని మాత్రం మిగులుస్తుంది. పాడిపశువులకు వాడే మందులకూ ఇదే నియమం వర్తిస్తుంది. ఆహారానికై పెంచే జంతువులలో కొలిస్టిన్ వాడకాన్ని మన ప్రభుత్వం 2019లో నిషేధించింది.

విద్యార్థి మిత్రులారా! మదనపల్లెలోనైనా, పుంగనూరులోనైనా, కుప్పంలోనైనా మందుల దుకాణంలో అడిగి రెండు మాత్రలు కొనుక్కొనే అలవాటు మన ఇండ్లలో ఉంటే దానిని మాన్పించవలసినది చదువుకొన్న మనమే. వైద్యుడు వ్రాయనిదే యాంటిబయాటిక్ వాడరాదు; వ్రాసిన దానిని ఆయన చెప్పినన్నాళ్లు వాడవలెను. మందు ఒకరి సొత్తు కాదు, ఊరుమ్మడి చెరువు వంటిది. దానిని ఒకరు పాడుచేస్తే దప్పికకు అలమటించేది ఊరంతా.