ఫోటోలో పడితేనే కూలి!
సెల్‌ఫోను హాజరు గురించి ఇల్లాలు తెలుసుకోవలసిన సంగతులు

పాల లెక్క కేలండరు మీద రాసుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. పాలు రాని రోజున సున్నా చుడతాం. అరలీటరు ఎక్కువ పోయించుకుంటే పక్కన అంకె వేస్తాం. నెలాఖరున పాలవాడు ఒక లెక్క చెబితే కేలండరు చూపించి మన లెక్క మనం చెబుతాం. ఆ గీతలే లేకపోతే అతను చెప్పిందే లెక్క, మనం ఇచ్చిందే డబ్బు. కూలి పనికి వెళ్ళే ఆడవాళ్ళ హాజరు కూడా ఇలాంటిదే. కాకపోతే ఆ లెక్క ఇప్పుడు పుస్తకంలో కాదు, సెల్‌ఫోనులో ఉంటోంది. రాసే చెయ్యి ఒకరిది, కష్టపడే చెయ్యి ఒకరిది!

"మాకెందుకండీ ఈ గొడవ, మేం పనికి వెళ్ళేవాళ్ళం కాదుగా" అంటారేమో. మీరు వెళ్ళకపోవచ్చు. మీ ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి వేసవిలో ఉపాధి పనికి వెళ్తుంది. మీ ఆడపడుచు వెళ్తుంది. మీకు రెండెకరాల మామిడి తోట ఉంటే అందులో గోతులు తవ్వేది కూడా వాళ్ళే. అందుకని ఈ సంగతులు నలుగురం తెలుసుకుని ఉండటం మంచిది.

మామిడి గోతి వెనక మస్టరు

నూజివీడు పేరు చెప్పగానే చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి గుర్తొచ్చి నోరూరుతుంది. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట వైపు ఎటు చూసినా తోటలే. తోటలో పని ఎప్పుడూ రోజు కూలే. కోతప్పుడు మగవాళ్ళు చిక్కంతో కాయ దింపితే, ఆడవాళ్ళు సొన కారకుండా తొడిమ చూసి ఏరతారు, గడ్డి పరిచి సర్దుతారు. ఆ పనికి హాజరు పుస్తకం లేదు. సాయంత్రానికి చేతిలో పడ్డ డబ్బే లెక్క.

ఉపాధి హామీ పని అలా కాదు. దానికి చట్టం ఉంది, మస్టరు ఉంది. 2005లో పార్లమెంటు చేసిన చట్టం అది. 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని మొదలుపెట్టారు. 2008 ఏప్రిల్ 1 నుంచి దేశంలోని గ్రామీణ జిల్లాలన్నిటికీ వచ్చింది. చెరువు పూడిక తియ్యడం, కాలవ బాగుచెయ్యడం, చిన్న రైతుల పొలాల్లో పండ్ల మొక్కలు వెయ్యడం అందులోని పనులే. మామిడి మొక్కకు మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గొయ్యి తవ్వాలంటే ఎంత కష్టమో తవ్విన వాళ్ళకే తెలుస్తుంది.

ఆ కష్టానికి ఆడామగా తేడా లేకుండా ఒకే రేటు ఇవ్వాలని చట్టం చెప్పింది. పని పొందేవారిలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలని కూడా చెప్పింది. మన రాష్ట్రంలో రోజు కూలి 2023-24లో 272 రూపాయలు, 2024-25లో 300, 2025-26లో 307. అయితే పని కొలత వేసి కూలి కడతారు కాబట్టి రోజూ పూర్తి రేటు చేతికి వస్తుందని అనుకోకూడదు. అంటే హాజరూ పడాలి, కొలతా రావాలి.

పుస్తకం పోయి ఫోను వచ్చింది

పాత మస్టరు పుస్తకంలో లోపాలు లేవని ఎవరూ అనరు. ఊళ్ళో లేనివాళ్ళ పేర్లు రాయడం, చనిపోయినవాళ్ళ పేరున కూలి తియ్యడం, ఒకరి వేలిముద్ర ఇంకొకరు వెయ్యడం సామాజిక తనిఖీల్లో బయటపడుతూనే వచ్చాయి. దానికి విరుగుడుగా కేంద్ర ప్రభుత్వం 2021 మే 21న సెల్‌ఫోను హాజరు తెచ్చింది. దాన్నే ఎన్‌ఎంఎంఎస్ యాప్ అంటున్నారు. 2022 మే 16 నుంచి ఇరవైమంది, అంతకు మించి పనిచేసే చోట అది తప్పనిసరి అయింది. 2023 జనవరి 1 నుంచి అన్ని పనులకూ పెట్టారు. సొంత పొలంలో ఒక్క లబ్ధిదారు కోసం చేసే పనులను మాత్రం ఆ ఉత్తర్వులో మినహాయించారు. రైతు సొంత చేలో మామిడి గోతులు ఈ మినహాయింపు కిందకి వచ్చే పనే. ఊరుమ్మడి చెరువు పనికి మాత్రం ఫోను హాజరే.

పద్ధతి ఏమిటంటే, మేటు తన ఫోనులో రోజుకు రెండుసార్లు అందర్నీ నిలబెట్టి ఫోటో తీస్తాడు. ఫోటో మీద టైము, ఆ చోటు గుర్తు వాటంతటవే పడతాయి. మొదటి ఫోటో తీశాక నాలుగు గంటలు గడిస్తేగాని రెండోది తియ్యడానికి వీల్లేదు. సిగ్నలు లేనిచోట ఫోటో తీసి ఉంచుకుని, సిగ్నలు అందాక పంపే వీలు పెట్టారు. వినడానికి బాగానే ఉంది కదూ! చిక్కంతా ఆ నాలుగు గంటల దగ్గరే వచ్చింది.

ఎండాకాలం మన ఆడవాళ్ళు ఎలా పనిచేస్తారో మీకు తెలియంది కాదు. తెల్లవారుజామునే లేచి, అన్నం వార్చి, పిల్లలకు సద్ది సర్దిపెట్టి, ఆరింటికల్లా పనిలో ఉంటారు. ఎండ ముదరకముందే కొలత ప్రకారం తవ్వేసి ఇంటికి చేరితే మిగతా చాకిరీ చూసుకోవచ్చని వాళ్ళ తాపత్రయం. పని తొందరగా ముగించినా రెండో ఫోటో కోసం నడినెత్తిన ఎండలో కూర్చోవలసి వచ్చింది. ఇంటికెళ్ళి మళ్ళీ వద్దామంటే రెండు కిలోమీటర్ల నడక. ఫోటో వేళకు చంటిబిడ్డకు పాలివ్వడానికి పక్కకు వెళ్ళినా చిక్కే. మేటు ఫోను పాడైతే, చార్జింగు అయిపోతే, సర్వరు మొరాయిస్తే కష్టం అందరిదీ, నష్టం కూలివాళ్ళది. ఇలాంటి ఇబ్బందుల మీదే 2023లో వివిధ రాష్ట్రాల కూలీలు ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర రోజుల తరబడి ధర్నా చేశారు.

పోనీ, ఫోను వచ్చాక దొంగలెక్కలు ఆగిపోయాయా? అదీ లేదు. పనికి సంబంధం లేని ఫోటోలు పెట్టడం, పాత ఫోటోకే మళ్ళీ ఫోటో తియ్యడం, ఒకే మనుషుల్ని రెండు మూడు మస్టర్లలో చూపించడం, మస్టరులో ఆడవాళ్ళుంటే ఫోటోలో మగవాళ్ళుండటం, మధ్యాహ్నం ఫోటో అసలు పెట్టకపోవడం జరుగుతున్నాయని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. పంచాయతీ స్థాయిలో ఫోటోలన్నీ మనుషులే సరిచూడాలని చెప్పింది. యంత్రం వచ్చినంతమాత్రాన కాపలా అక్కర్లేదనుకోకూడదన్నమాట.

పోయేది ఎంత?

ఒక వారం ఆరు రోజుల హాజరు ఎక్కలేదనుకుందాం. రోజుకు 307 చొప్పున 1,842 రూపాయలు. ఒక ఇంట్లో నెల సరిపడా బియ్యం, పప్పు, నూనె ఆ డబ్బుతో వచ్చేస్తాయి. హాజరు ఎక్కీ కూలి ఆలస్యమైతే పరిహారం ఇవ్వాలని పాత చట్టంలో ఉంది. మస్టరు ముగిసిన పదిహేను రోజుల్లో డబ్బు పడాలి. పదహారో రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం. వినడానికి ఘనంగా ఉంది గాని, 1,842 రూపాయలకు నెలరోజుల ఆలస్యానికి లెక్క కడితే వచ్చేది 27 రూపాయల 63 పైసలు! అందుకే ఆలస్యమయ్యాక పరిహారం కోసం ఎదురుచూడటం కన్నా హాజరు ఎక్కిందో లేదో ఏరోజుకారోజు చూసుకోవడమే మేలు.

ఇంకో ముఖ్యమైన మాట. 2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని ఆమోదించింది. ఏడాదికి 100 రోజుల బదులు 125 రోజుల పని అన్నది అందులో ముఖ్యాంశం. విత్తనాలు, కోతల వేళ మొత్తం 60 రోజుల దాకా ఈ పనులు ఆపే వీలు కూడా పెట్టారు. ఫోను హాజరు, వేలిముద్రల వంటి పద్ధతులను కొత్త చట్టం వదిలిపెట్టలేదు సరికదా, ఇంకా గట్టిగా పట్టుకుంది. కాబట్టి చట్టం పేరు మారినా మన జాగ్రత్త మారనక్కర్లేదు.

వేలిముద్ర పడకపోతే?

అంట్లు తోమి, సున్నం కలిపి, మామిడి సొనలో చేతులు పెట్టి వేళ్ళ గీతలు అరిగిపోయిన ఆడవాళ్ళు ఎందరో. మిషను మీద వేలు పెడితే "పడలేదు" అంటుంది. చేతులు సబ్బుతో కడిగి, పొడిబట్టతో బాగా తుడుచుకుని మళ్ళీ ప్రయత్నించండి. ఒక వేలు పడకపోతే ఇంకో వేలు. అప్పటికీ కాకపోతే ఆధార్ కేంద్రానికి వెళ్ళి వేలిముద్రలు కొత్తగా ఇవ్వండి. కంటిపాప గుర్తుతో కూడా ఆధార్ సరిచూడవచ్చు.

ఫ్యాక్టరీకి వెళ్ళే అమ్మాయి ఉందా?

మీ ఇంటి ఆడపిల్ల ఫ్యాక్టరీకో కంపెనీకో వెళ్తూ, గుమ్మంలో మిషను మీద వేలో ముఖమో చూపించి లోపలికి పోతుంటే ఇవీ తెలుసుకోండి. కొత్త కార్మిక చట్టాలు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. హాజరు, జీతాల రిజిస్టర్లు కంప్యూటరులో పెట్టుకోవచ్చని వాటిలో ఉంది. దాంతోపాటు రోజుకు ఎనిమిది గంటలకు మించి పని ఉండకూడదని, ఓవర్‌టైముకు రెట్టింపు రేటు ఇవ్వాలని, నెల జీతం తరవాతి నెల ఏడో తేదీలోగా ఇవ్వాలని, జీతం స్లిప్పు ఇవ్వాలని కూడా ఉంది. రాత్రి షిఫ్టుకు ఆడవాళ్ళ ఇష్టం ఉండాలి. మిషను వాళ్ళకెంత సాక్ష్యమో మనకూ అంతే సాక్ష్యం. సాయంత్రం ఆరింటికి వేలు పెట్టించి, మళ్ళీ ఏడున్నర దాకా పనిచేయిస్తే అది అన్యాయం. అమ్మాయి వెళ్ళిన టైము, వచ్చిన టైము ఒక చిన్న పుస్తకంలో రాసుకోమనండి.

ఇవి గుర్తుంచుకోండి

1. జాబ్ కార్డు మీ దగ్గరే ఉంచుకోండి. మేటు దగ్గరో, మరొకరి దగ్గరో వదలకండి.

2. పనికి వెళ్ళిన రోజున కేలండరులో తేదీ మీద గుర్తు పెట్టండి. పని చోటు, మేటు పేరు పక్కన రాయండి. రాయడం రాకపోతే బడికెళ్ళే పిల్లల చేత రాయించండి.

3. రెండు ఫోటోలూ తీశాక "పంపావా బాబూ?" అని అడగండి. పదిమందీ కలిసి అడిగితే ఎవరూ విసుక్కోరు.

4. ఫోను పాడై హాజరు ఎక్కకపోతే ఆరోజే ఫీల్డ్ అసిస్టెంటుకు చెప్పండి. తప్పనిసరి పరిస్థితుల్లో జిల్లా అధికారి అనుమతితో చేతిరాత హాజరు ఎక్కించే వీలు ఆ నిబంధనల్లోనే పెట్టారు. వారం గడిచాక చెబితే వినేవాళ్ళుండరు.

5. ఫిర్యాదు నోటితో కాదు, కాగితం మీద ఇవ్వండి. మండలంలో ఎంపీడీఓ ఆఫీసులో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

6. మస్టరు నకలు కావాలంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

7. సామాజిక తనిఖీ వాళ్ళు ఊళ్ళోకి వచ్చిన రోజున ఎంత పని ఉన్నా ఇంట్లో కూర్చోకండి. మీ లెక్క పట్టుకుని వెళ్ళండి.

8. పని దగ్గర నీడ, మంచినీళ్ళు, మందుల పెట్టె ఉండాలన్నది దయ కాదు, నిబంధన. చిన్నపిల్లలు ఐదుగురు, అంతకు మించి ఉంటే వాళ్ళను చూసుకోవడానికి ఒకామెను పెట్టాలి. ఆమెకూ కూలి ఇవ్వాలి.

చదువు వచ్చిన ఇల్లాలు ఒక్కరు వాడలో ఉన్నా చాలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక పావుగంట కూర్చుని, పక్కింటి లక్ష్మమ్మదీ ఎదురింటి సుబ్బమ్మదీ లెక్క సరిచూసి పెడితే ఎంతో మేలు చేసినవారవుతారు. ఈ వేసవిలో మీ ఇంటికి రసాల బుట్ట వచ్చినప్పుడు, ఆ చెట్టు నాటిన గొయ్యి ఎవరు తవ్వారో, వాళ్ళ కూలి సరిగ్గా ముట్టిందో లేదో ఒక్కమాట అడిగి చూడండి.