బుధవారం అవ్వ కథ ఎందుకు పలకలేదు?

రాజపాళయంలోని మా బడిలో ప్రార్థన అయ్యాక, మొదటి గంట కొట్టేలోపు పది నిమిషాలు తెలుగు కథ వినిపిస్తాం. ఇవి పుస్తకాల్లోని కథలు కావు. మా పిల్లల అవ్వలు చెప్పినవే, పిల్లలు ఇంట్లో ఫోన్లలో రికార్డు చేసి తెచ్చారు. 2006 నాటి తమిళం నేర్పే చట్టం తర్వాత ఈ రాష్ట్రంలో తమిళం అందరికీ మొదటి పార్టు, తెలుగు ఐచ్ఛికంగా నాలుగో పార్టు అయింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలే బడిలో తెలుగు రాయడానికి తడుముకుంటున్నారు. అందుకే ఆ పది నిమిషాలను మేము వదులుకోలేం.

రోజూ ఎవరో ఒకరు పెన్‌డ్రైవ్ వెతుక్కోవడంతోనే సగం సమయం పోతోందని, పనిని ల్యాప్‌టాప్‌లోని టాస్క్ షెడ్యూలర్‌కు అప్పగించాం. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు చిన్న బ్యాచ్ ఫైళ్లు. ఏ రోజు ఫైలు ఆ రోజు 9.20కి నడిచి, వీఎల్‌సీని తెరిచి, కథ వినిపించాలి.

మొదటి వారం ఒక్క కథా పలకలేదు. షెడ్యూలర్‌లో చూస్తే పని నడుస్తున్నట్టే ఉంది, తెర మీద మాత్రం ఏమీ లేదు. తప్పు మాదే. 'జనరల్' ట్యాబ్‌లో, యూజర్ లాగిన్ అయినా కాకపోయినా నడవాలనే ఎంపికను గట్టిదనుకొని టిక్కు పెట్టాం. అలా పెడితే ప్రోగ్రాం మన తెర మీదికి రాదు, ఎవరికీ కనిపించని వేరే సెషన్‌లో నడుస్తుంది. యూజర్ లాగిన్ అయి ఉన్నప్పుడే నడిచేలా మార్చాం.

అప్పుడు నల్ల కిటికీ ఒక్క క్షణం మెరిసి మాయమైంది. అదే ఫైలును మౌస్‌తో రెండుసార్లు నొక్కితే కథ చక్కగా వస్తోంది! ఈ తేడా దగ్గరే చాలామంది విసిగి వదిలేస్తారు. మనం నొక్కినప్పుడు కంప్యూటర్ ఆ ఫైలు ఉన్న ఫోల్డర్‌లోనే కథను వెతుకుతుంది. షెడ్యూలర్ నడిపితే సిస్టమ్32 ఫోల్డర్‌లో వెతుకుతుంది, అక్కడ మన కథ ఎందుకుంటుంది? 'యాక్షన్స్'లో 'స్టార్ట్ ఇన్' అనే గడి ఖాళీగా ఉంది. అందులో కథల ఫోల్డర్ చిరునామా రాశాం, కొటేషన్ గుర్తులు లేకుండా. సోమవారం కథ పలికింది, మంగళవారమూ పలికింది.

బుధవారం మళ్లీ మౌనం. ఆ రోజు కథ చెప్పిన అవ్వే మనవరాలిని దిగబెట్టడానికి వచ్చి వరండాలో నిలబడి ఉంది. "మా అవ్వ కథ వేయలేదేం సార్?" అని ఆ పిల్ల అడిగితే మా దగ్గర జవాబు లేదు.

సోమ, మంగళవారాల ఫైళ్లకు పేర్లు మేమే ఇంగ్లీషులో పెట్టాం. మిగిలిన మూడింటికి పిల్లలు తెలుగులో టైపు చేసి పెట్టారు. బ్యాచ్ ఫైలు చివర 'పాజ్' అని ఒక లైను చేర్చి నడిపాం. నల్ల కిటికీ మూసుకోకుండా నిలిచింది. అవ్వ అని ఉండాల్సిన చోట ఏవో గ్రీకు అక్షరాలు, గళ్లు!

యూనికోడ్‌లో అవ్వ అంటే నాలుగు గుర్తులు: అ, వ, పొల్లు, మళ్లీ వ. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం పన్నెండు. మా ల్యాప్‌టాప్‌లోని ఆ నల్ల కిటికీకి ఉన్నది పాత పట్టిక. అది ఒక్కో బైటును ఒక్కో అక్షరంగా చదివి, పన్నెండు అక్షరాల పిచ్చి పేరు కోసం వెతికింది. కథ ఫోల్డర్‌లోనే ఉంది, పిలిచే పేరే మారిపోయింది.

కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు "పేర్లు ఇంగ్లీషులో మార్చేయండి సార్, అయిపోతుంది" అన్నాడు. అతను చెప్పింది నిజమే, తొందరలో ఉన్నవాళ్లు అలాగే చేయవచ్చు. మాకు మాత్రం మనసొప్పలేదు. వత్తు ఎలా కొట్టాలో కీబోర్డు మీద వెతికి వెతికి ఆ పిల్లలు టైపు చేసిన మొదటి తెలుగు మాటలవి.

మార్గం ఒక్క లైనే. బ్యాచ్ ఫైలులో అన్నిటికన్నా పైన 'సీహెచ్‌సీపీ', కాస్త ఖాళీ వదిలి '65001' అని రాయాలి. నోట్‌ప్యాడ్‌లో భద్రపరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఎంచుకోవాలి. దాని పక్కనే 'విత్ బామ్' అని ఇంకొకటి ఉంటుంది, అది వద్దు. అది మొదటి లైనునే పాడుచేస్తుంది. ఏఎన్‌ఎస్‌ఐ ఎంచుకుంటే తెలుగు అంతా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది, తిరిగి రాదు. ఉర్దూ, కన్నడ, మలయాళ బడులకూ ఇదే మార్గం. తమిళంలో పేరు పెట్టినా ఇదే తిప్పలు.

ఇంకొకటి. ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉంటేనే పని మొదలవ్వాలని 'కండిషన్స్'లో ముందే టిక్కు పెట్టి ఉంటుంది. కరెంటు పోయే ఊళ్లలో దాన్ని తీసేయడం మంచిది.

తర్వాతి బుధవారం 9.20కి కథ పలికింది. అవ్వ ఆ రోజు రాలేదు, మనవరాలే ఇంటికి వెళ్లి చెప్పిందట. శుక్రవారం ఫైలు పేరులో పిల్లలు వదిలిన దీర్ఘం ఒకటి ఇంకా దిద్దాలి. కథ ఫైలులోనూ బ్యాచ్ ఫైలులోనూ ఒకేసారి దిద్దాలి, లేకపోతే మళ్లీ మొదటికే వస్తుంది.